పెద్ద బొమ్మ... చిన్న టీవీ

మా వైపు పెళ్ళి వీడియోను ఇప్పటికీ 'క్యాసెట్టు' అనేవాళ్ళే ఎక్కువ. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. సీడీలు పోయి డీవీడీలు వచ్చాయి. ఇప్పుడు చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టినా 'క్యాసెట్టు బాగొచ్చింది నాయనా' అని మెచ్చుకునే అవ్వలున్నారు. పేరు ఏదైతేనేం, వస్తువు చేతిలో పడగానే అడిగే ప్రశ్న మాత్రం మారలేదు.

'మా ఇంట్లో టీవీకి పడుద్దా?'

వెలిగండ్లలో కెమెరా పట్టి బతుకుతున్న నాకు ఆ ప్రశ్న వింటే ముచ్చటేస్తుంది. తీసేవాడి ధ్యాసంతా కెమెరా మీద ఉంటుంది. చూసేవాళ్ళకు కావలసింది టీవీ. ఒక కాలంలో ఈ రెండింటికీ పొంతన లేకుండా పోయింది. కెమెరాలేమో గబగబా పెరిగిపోయాయి. ఇళ్ళల్లో టీవీలు ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. 2010 తర్వాత ఐదారేళ్ళపాటు నాలాంటివాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని చేసిన పనంతా ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే.

ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ప్రకాశానికి పడమటి పక్కన, కనిగిరి దాపున ఉంటుంది వెలిగండ్ల. ఈ ప్రాంతంలో వాన తక్కువ, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. సేద్యాన్ని నమ్ముకుని కూర్చుంటే జరగని కుటుంబాలు బెంగళూరో, హైదరాబాదో పోయి పనులు చేసుకుంటాయి. సంక్రాంతికి కొందరొస్తారు, తిరునాళ్ళకు కొందరొస్తారు. అందరూ ఒక్కచోట కనపడేది పెళ్ళిలోనే. అందుకే ఇక్కడ పెళ్ళి వీడియో అంటే వధూవరుల ముచ్చట ఒక్కటే కాదు. అది బంధువుల హాజరు పట్టీ. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు చిక్కిపోయారు, ఎవరి పిల్ల ఎంత ఎదిగింది... ఇవన్నీ చూసుకోవడానికే నలుగురూ టీవీ ముందు చేరతారు. బొమ్మలో మొహం ఆనవాలు తెలియకపోతే ఆ వీడియో ఎందుకు?

నేను ఈ పనిలో చేరింది సన్‌గన్ లైటు పట్టుకునే కుర్రాడిగా. అప్పట్లో భుజం మీద మోసే వీహెచ్‌ఎస్ కెమెరాలు. తర్వాత మినీ డీవీ టేపులొచ్చాయి. ఆ కాలంలో టీవీతో పేచీ ఉండేది కాదు. మన దేశంలో 1982లో రంగుల టీవీ వచ్చింది పాల్ అనే పద్ధతిలో. అందులో తెర మీద కనపడే బొమ్మకు 576 గీతలు. డీవీ కెమెరా తీసే బొమ్మకూ అవే 576 గీతలు. కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయేది.

2008 చివర్లో కేనన్ కంపెనీ 5డీ మార్క్ 2 అనే ఫొటో కెమెరా తెచ్చింది. అది పూర్తి హెచ్‌డీ వీడియో కూడా తీస్తుంది! మొదట్లో సెకనుకు 30 బొమ్మలే తీసేది. మన దేశపు టీవీలకు కావలసిన 25 బొమ్మల లెక్క 2010 మార్చిలో దానికి వచ్చింది. అదే ఏడాది దానికంటే చౌక కెమెరాలూ వచ్చాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళకు మా ప్రాంతం పెళ్ళిళ్ళలోనూ ఫొటో కెమెరాతో వీడియో తీయడం మొదలైంది. బెంగళూరు నుంచి వచ్చిన అల్లుళ్ళు, మరుదులు 'హెచ్‌డీలోనే తీయాలన్నా' అని పట్టుబట్టేవాళ్ళు. సరే, తీశాం. మరి చూసేది ఎందులో? నట్టింట్లో బల్ల మీద డబ్బా టీవీ, దాని నెత్తిన డీవీడీ ప్లేయరు. అంతే!

ఇక్కడ ఒక చిన్న లెక్క. హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలు, నిలువునా 1080. గుణిస్తే 20,73,600. డీవీడీ బొమ్మలో 720, 576. గుణిస్తే 4,14,720. సరిగ్గా ఐదో వంతు. అంటే పెళ్ళికూతురి మొహంలో ఐదు చుక్కలున్న చోట ఒక్కటే మిగులుతుంది.

'ఐదిట్లో నాలుగు పారేసేదానికి హెచ్‌డీ ఎందుకబ్బాయ్?' అని ఒక పెళ్ళికొడుకు నాయన అడిగాడు. అడగవలసిన మాటే. కానీ పారేయడం వేరు, మరిగించడం వేరు. ఐదు చుక్కల్లో ఒకటి ఉంచి నాలుగు ఊడ్చేస్తే గీతలన్నీ మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. ఐదింటినీ కలిపి వాటి సారాన్ని ఒక్క చుక్కలోకి తెస్తే, పాలు మరిగించి కోవా తీసినట్టు బొమ్మ చిక్కబడుతుంది. రాత్రి ముహూర్తాల్లో వెలుగు చాలక బొమ్మంతా రవ్వలు రవ్వలుగా కదులుతుంది చూడండి, అది కూడా చాలావరకు అణిగిపోతుంది. అందుకే హెచ్‌డీలో తీసి కుదించిన బొమ్మ, పాత కెమెరాతో అదే కొలతలో తీసిన బొమ్మకన్నా డబ్బా టీవీలో కూడా బాగుంటుంది. ఆ పెద్దాయనకు ఒకే పాటను రెండు రకాలుగా వేసి చూపించాను. ఏది ఏదో చెప్పకుండానే వేలు పెట్టి చూపించాడు.

అయితే కుదించడానికి వీలుగా తీయాలి. అసలు కిటుకు అక్కడే ఉంది.

డబ్బా టీవీ బొమ్మను ఒక్కసారిగా గీయదు. కంది చేలో ఒక మనిషి సాలు విడిచి సాలు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి విడిచిన సాళ్ళలో నడిచినట్టు గీస్తుంది. మొదట 1, 3, 5 గీతలు. తర్వాత 2, 4, 6 గీతలు. సెకనుకు 50 సార్లు అలా సగం సగం నింపితే మన కంటికి 25 నిండు బొమ్మలు. దీన్ని ఇంటర్‌లేస్ అంటారు. పాత కెమెరాలు తీసేది కూడా ఇదే వరసలో.

ఒక సగానికీ ఇంకో సగానికీ మధ్య సెకనులో యాభయ్యో వంతు గడుస్తుంది. వధూవరులు పీటల మీద కదలకుండా కూర్చుంటే ఆ తేడా తెలీదు. తలంబ్రాల దగ్గర తెలుస్తుంది! దోసిట్లోంచి జారిన గింజ అంతలోనే కిందికి దిగిపోతుంది. బేసి గీతల్లో ఒకచోట, సరి గీతల్లో ఇంకోచోట ఉంటుంది. అలాంటి 1080 గీతల బొమ్మను తెచ్చి 576కు నొక్కితే, ఇవి రెండు వేర్వేరు క్షణాలని కంప్యూటర్‌కు పట్టదు. రెండింటినీ కలిపి రుబ్బేస్తుంది. చేతుల అంచున దువ్వెన పళ్ళు మొలుస్తాయి, మొహానికి జంట నీడ వస్తుంది.

ప్రోగ్రెసివ్ పద్ధతిలో ఈ చిక్కు లేదు. అన్ని సాళ్ళూ ఒకే నడకలో. బొమ్మంతా ఒకే క్షణానిది. కాబట్టి నిశ్చింతగా కుదించి, ఆఖర్న బేసి గీతలు ఒక కట్ట, సరి గీతలు ఒక కట్ట కట్టి డీవీడీకి ఇస్తే చాలు. రెండూ ఒకే క్షణంలో పుట్టినవి గనక టీవీ అతుకు కనపడకుండా కలుపుకుంటుంది. హెచ్‌డీ కెమెరాలు పై గీతతో మొదలుపెడితే, పాత డీవీ పద్ధతి కింది గీతతో మొదలుపెట్టేది. ఆ వరస తారుమారైతే ఇంటర్‌లేస్ బొమ్మలో మెరవణి ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వేస్తుంది. ప్రోగ్రెసివ్‌లో ఆ బాధా తప్పింది.

అన్నీ లాభాలేనా? కాదు. సెకనుకు 50 కదలికలు చూసిన కంటికి 25 మాత్రమే దొరుకుతాయి. కెమెరాను విసురుగా తిప్పితే బొమ్మ తడబడుతూ అదురుతుంది. అందుకే నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకు చెప్పేవాణ్ణి, 'నెత్తిన నీళ్ళ బిందె ఉందనుకుని తిరగండిరా' అని. షట్టరు సెకనులో యాభయ్యో వంతుకు పెట్టుకోవాలి. అప్పుడు కదలిక కాస్త మెత్తగా కలుస్తుంది. కరెంటు 50 సైకిళ్ళది కాబట్టి ట్యూబులైటు వెలుగుతోనూ జత కుదురుతుంది.

కరెంటు ఉన్నంతసేపే ఆ జత! సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకు కరెంటు పోయేది. డీజిల్ జనరేటరు మోగేది. దాని మీద బరువు పెరిగినప్పుడల్లా వేగం తగ్గుతుంది, 50 సైకిళ్ళు 48 అవుతాయి. అంతే, ట్యూబులైటు వెలుగులో నల్లటి పట్టీ ఒకటి బొమ్మ మీద మెల్లగా పాకుతూ పోతుంది. మిక్సింగ్‌లో దాన్ని తీసేయడం మా వల్ల అయ్యేది కాదు. అందుకని మండపం దగ్గర ట్యూబులైట్లు వద్దని, పెద్ద బల్బులో, మా బ్యాటరీ లైట్లో పెట్టించేవాణ్ణి. 'ఇంత సేపూ బాగానే ఉంది గదా' అని విసుక్కున్నవాళ్ళు కూడా వీడియో చూశాక సర్దుకునేవాళ్ళు.

ఇంకో తమాషా చెబుతాను. బొమ్మ ఎంత పదునుగా ఉంటే అంత మంచిదని అందరూ అనుకుంటారు. డబ్బా టీవీలో అది తిరగబడుతుంది. పట్టుచీర జరీలో ఒక సన్నని అడ్డగీత ఉందనుకోండి. అది కుదించాక ఒక్క బేసి గీతలోనే పడితే, సరి గీతల వంతు వచ్చినప్పుడు మాయమవుతుంది. సెకనుకు 25 సార్లు వెలిగి 25 సార్లు ఆరుతుంది. చీరంతా మిణుకు మిణుకుమంటూ కళ్ళు లాగేస్తుంది. వెదురు తడిక, ఈతచాప, మెట్ల అంచులు... అన్నీ అంతే. మందు ఏమిటంటే, కుదించేటప్పుడు నిలువునా కాస్త మసక చేయడం. మసక చేస్తేనే గాని ఆ టీవీలో స్పష్టంగా కనపడదు! కంప్యూటర్ తెర మీద చూస్తే ఈ మిణుకు కనపడదు. అది గీతలన్నీ ఒకేసారి చూపిస్తుంది. అందుకే కొత్త మానిటర్ పక్కనే 21 అంగుళాల పాత డబ్బా టీవీ ఒకటి పెట్టుకున్నాను. 'ఇదెందుకన్నా?' అని నవ్విన కుర్రాడికి 'జనం ఇళ్ళల్లో ఉండేది ఇదేరా' అని చెప్పాను.

రంగుల లెక్క కూడా హెచ్‌డీకి వేరు, పాత టీవీకి వేరు. మార్చకుండా దింపితే ఎరుపు, పచ్చ కాస్త పక్కకు జరుగుతాయి. పసుపు రాసిన పెళ్ళికూతురి మొహంలో ఆ తేడా ముందు కనిపెట్టేది వాళ్ళమ్మే. ఇక డీవీడీ పట్టేది 4.7 జీబీ. రెండు గంటల వీడియో దర్జాగా పడుతుంది. మూడున్నర గంటలు దానిలోనే కుక్కమంటే అక్షింతలు చల్లేచోట బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. రెండు డిస్కులు చేస్తే 'ఒక్కదాంట్లో పట్టించలేకపోయావా' అనేవాళ్ళు.

ఇవన్నీ మా పనిలో తిప్పలు. మీతో చెప్పవలసిన అసలు సంగతి బొమ్మ ఆకారం గురించి.

హెచ్‌డీ బొమ్మ వెడల్పు. 16 పాళ్ళు అడ్డం, 9 పాళ్ళు నిలువు. డబ్బా టీవీ 4 పాళ్ళు అడ్డం, 3 పాళ్ళు నిలువు. వెడల్పు బొమ్మ ఇరుకు టీవీలో పట్టాలంటే దారులు రెండే. బొమ్మంతా ఉంచి పైనా కిందా నల్ల పట్టీలు వదలడం ఒకటి. అప్పుడు 576 గీతల్లో బొమ్మకు దక్కేవి 432. లేదా తెర నిండా బొమ్మ వేసి రెండు పక్కలా కోసేయడం. అప్పుడు 1920 చుక్కల వెడల్పులో ఆ పక్క 240, ఈ పక్క 240 పోతాయి. నాలుగో వంతు బొమ్మ గల్లంతు!

మీరైతే ఏది కోరుకునేవాళ్ళు? మా వైపు చాలామంది తెర నిండా కావాలన్నారు. 'ఏందబ్బాయ్, పైనా కిందా నల్లగుడ్డ కట్టావే? డబ్బులు నిండు టీవీకి గదా ఇచ్చాం' అని ఒక పెద్దమ్మ నిలదీసింది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. పట్టీలు వదిలితే మొహాలు చిన్నవైపోతాయి, చత్వారం కళ్ళకు ఆనవు. రెండు రకాలూ చూపించి, వాళ్ళు కోరిందే చేసేవాణ్ణి.

కానీ పక్కలు కోసిన ప్రతిసారీ ఒక సంగతి కళ్ళబడేది. పందిట్లో ఎవరికి ఎంత మర్యాదో, ఫ్రేములో వాళ్ళకు అంత చోటు. నడుమ వధూవరులు, పురోహితుడు, తల్లిదండ్రులు. ఆ పక్కన డబ్బూ హోదా ఉన్న చుట్టాలు. మరి అంచున ఎవరు? శుభకార్యం కదా అని ముందుకు రాకుండా గోడవార నిలబడ్డ మేనత్త. చంటిపిల్లను ఎత్తుకుని జోకొడుతున్న ఆడబిడ్డ. వంటల దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ తొంగిచూసిన బాబాయి. సన్నాయి ఊదే ముసలాయన. 240 చుక్కల కత్తెర వేటు పడేది సరిగ్గా వీళ్ళ మీదే.

2012 వేసవిలో ఒక పెళ్ళి చేశాను. పెళ్ళికూతురి తాతకు ఎనభై దాటాయి. ఫొటోకు రమ్మంటే 'నాకెందుకు నాయనా' అని నవ్వేవాడు. ముహూర్తం వేళకు పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ ఇంటివాళ్ళు నిండు టీవీ కావాలన్నారు. అలాగే చేసిచ్చాను. సంతోషించారు.

మూడేళ్ళ తర్వాత బెంగళూరు నుంచి ఆ అమ్మాయి ఫోను చేసింది. తాత పోయాడట. పెద్దకర్మకు ఫొటో పెడదామంటే ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఇంట్లో ఇంకోటి లేదట.

'అన్నా, మా తాత నా పెళ్ళిలో ఉన్నాడు గదా. డీవీడీలు రెండూ చూశాం. అక్షింతలు వేసేటప్పుడు పక్కన ఒక చెయ్యి మాత్రం కనపడుతోంది. అది తాత చెయ్యేనంటోంది అవ్వ. మనిషి ఎక్కడున్నాడన్నా?'

మనిషి హార్డ్‌డిస్కులో ఉన్నాడు. కోయని అసలు బొమ్మలో, కుడి అంచున, గుంజ పక్కన. భుజాన తువ్వాలు. వణికే చేత్తో అక్షింతలు వేసి, ఆ చేత్తోనే కళ్ళు ఒత్తుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు. మొత్తం పదకొండు సెకన్లు. మనవరాలికీ తెలీదు, తీసేటప్పుడు నాకూ తెలీదు. కెమెరాకు తెలుసు.

ప్రోగ్రెసివ్‌లో తీసిన పుణ్యం ఏమిటంటే, ఏ బొమ్మ దగ్గర ఆపినా అది నిండు ఫొటో. దువ్వెన పళ్ళుండవు. అందులో ఒక బొమ్మ తీసి అచ్చు వేయించి ఫ్రేము కట్టించాం. డీవీడీ బొమ్మ నుంచి తీసి ఉంటే పోస్టుకార్డు సైజుకే చెదిరిపోయేది. ఆ పదకొండు సెకన్ల ముక్కను విడిగా, పట్టీలతోనే, డీవీడీ చేసిచ్చాను. అవ్వ డబ్బా టీవీకి దగ్గరగా పీట వేసుకుని కూర్చుంది. ఈసారి నల్ల పట్టీల మాట ఎవరూ ఎత్తలేదు. 'ఇంకో మారు వెయ్యి నాయనా' అంది. వేశాను. ఎన్ని మార్లు వేశానో లెక్కపెట్టలేదు.

అసలు ఆ బొమ్మలు చెరిపేయకుండా ఉండటమే గొప్ప. ఆ కెమెరా గంట వీడియోకు 20 జీబీ దాకా మింగేది. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్‌డిస్కుల ఫ్యాక్టరీలు నీళ్ళపాలయ్యాయి. ఎక్కడో వరదొస్తే వాన లేని మా ఊళ్ళో హార్డ్‌డిస్కు ధర మండిపోయింది! డీవీడీ ఇచ్చేశాక ఒరిజినల్ చెరిపేసి, తర్వాతి ముహూర్తానికి చోటు చేసుకోవడం చాలాచోట్ల మామూలే. వాళ్ళను తప్పుపట్టలేం. దాచమని ఎవరూ అడగలేదు, దాచినందుకు ఎవరూ డబ్బులివ్వలేదు. నాకు పని నేర్పిన పెద్దాయన మాత్రం టేపుల కాలం నుంచీ ఒకటే చెప్పేవాడు, 'మాస్టరు చెరపొద్దురా, అది మనది కాదు' అని. ఆ మాట మీద ఉన్నాను.

ఇప్పుడు డబ్బా టీవీలు మూలకెక్కాయి. గోడకు పెద్ద తెరలొచ్చాయి. ఆ రోజుల్లో నిండుగా కనపడిన డీవీడీ ఈ తెర మీద వెలిసిపోయినట్టుంటుంది. ఇంట్లో రాసిన డీవీడీల పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడుతుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే చోటే లేదు. చిన్న కాపీ ఆ రోజు టీవీ కోసం. ఒరిజినల్ మాత్రం ఇంకా పుట్టని టీవీల కోసం. ఈ తేడా తెలిసిన ఇళ్ళల్లో పెళ్ళి ఇంకా నిక్షేపంగా ఉంది.

ఆ గొడవ తీరిపోయిందనుకోకండి. ఇప్పుడు 4కేలో తీస్తున్నాం. చూసేది సెల్‌ఫోనులో, నిలువు రీల్‌గా. వెడల్పు బొమ్మను నిలువుగా కోస్తే మూడో వంతు కూడా మిగలదు. డబ్బా టీవీ కోసం తాతను కోశాం. రీల్ కోసం తల్లిదండ్రులను కూడా కోస్తున్నాం. ఆ మిగిలిన ముక్కనూ వాట్సాప్‌లో పంపేటప్పటికి మళ్ళీ నలిగిపోతుంది.

అందుకని మీ ఇంట్లో పెళ్ళి పెట్టుకుంటే వీడియో మాట్లాడుకునేటప్పుడే ఒక మాట అనుకోండి. మిక్సింగ్ చేసిన వీడియోతోపాటు కోయని, కుదించని ఒరిజినల్ ఫైళ్ళన్నీ కావాలని చెప్పండి. దానికి అయ్యే హార్డ్‌డిస్కు మీరే కొనివ్వండి. ఒకటి కాదు, రెండు. ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి ఆడపిల్ల అత్తవారింట్లో ఉంచండి. బీరువాలో పడేసి మరచిపోకుండా ఏడాదికొకసారి తీసి ఆడించి చూడండి. నాలుగైదేళ్ళకు కొత్త దానిలోకి ఎక్కించుకోండి. పాత పెళ్ళిదైతే తీసిన స్టూడియోకు ఇప్పుడే ఫోను చేసి ఒరిజినల్ ఉందేమో అడగండి. అడిగేవాళ్ళు లేకనే చాలా పెళ్ళిళ్ళు చెరిగిపోయాయి.

రీల్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. ముందు మొత్తం బొమ్మను ఇంటికి తెచ్చుకోండి. తెచ్చుకున్నాక ఒకసారి వధూవరులను వదిలేసి, అంచుల్లో ఎవరున్నారో చూడండి.